సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు: నంబరు ప్లేటు నుంచి రెండో తాళం దాకా

పాత కార్లు అమ్మేచోట మూడు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. "సింగిల్ ఓనర్ సార్." "డాక్టర్ గారి బండి." "ఒక్క గీత కూడా పడలేదు." ఈ మూడూ నిజమైన బండ్లు లేకపోలేదు. నేను మొదటిసారి కొన్నప్పుడు మాత్రం ఆ మాటలు విని, మెరుస్తున్న పెయింటు చూసి, సందు చివరి దాకా ఒక రౌండ్ తిప్పి అడ్వాన్సు ఇచ్చేశాను. నాలుగు నెలలకు ఇంజిన్లో ఆయిల్, కూలెంట్ కలవకుండా ఆపే హెడ్ గ్యాస్కెట్ పోయింది. అమ్మినాయన ఫోన్ ఎత్తడం మానేశాడు. తప్పు ఆయనది ఎంతో నాదీ అంతే, ఎందుకంటే నేను అసలు బానెట్ ఎత్తలేదు.

ఆ తర్వాత చుట్టాలకు, స్నేహితులకు బండ్లు చూసిపెట్టడం అలవాటైంది. ఈ మధ్య మా బావమరిదికి హైదరాబాద్‌లో పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ కోసం మూడు ఆదివారాలు తిరిగి పదకొండు బండ్లు చూశాం. కొన్నది తొమ్మిదోది. కింద రాసిందంతా ఆ తిరుగుళ్లలో తేలిందే.

ముందు ఒక మాట. బాడీకి పాలిష్ కొట్టొచ్చు, మీటరు వెనక్కి తిప్పొచ్చు, సీట్లకు కొత్త కవర్లు తొడగొచ్చు. కానీ ఒక కారు మీద పదిహేను ఇరవై చోట్ల తేదీలు, నంబర్లు ఉంటాయి. అద్దాల మీద, టైర్ల మీద, సీటు బెల్టు మొదట్లో, సర్వీసు బిల్లుల్లో, చివరికి నంబరు ప్లేటులోనూ. అన్నింటినీ ఒకేసారి సర్దే ఓపిక ఏ అమ్మకందారుకూ ఉండదు. మనం వెతకాల్సింది వాటి మధ్య పొంతన కుదరని చోటు. మెకానిక్ పని రానివాళ్లు కూడా ఇది చేయగలరు.

1. ఇంట్లో కూర్చునే నంబరు చదవండి

బండి చూడ్డానికి బయల్దేరకముందే సగం పని అయిపోవాలి. నంబరు ప్లేటు ఫొటో అడగండి. "వచ్చాక చూద్దురుగాని" అంటే అక్కడితో ఆపేయండి.

తెలంగాణలో టీఎస్ నంబర్లు 2014 జూన్ నుంచి వచ్చాయి, టీజీ నంబర్లు 2024 మార్చి నుంచి. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా నంబర్లు పోయి అందరికీ ఏపీ 39 ఇవ్వడం 2019లో మొదలైంది. అంటే 2018 మోడల్ బండికి టీజీ నంబరు ఉందన్నా, 2015 బండికి ఏపీ 39 ఉందన్నా మధ్యలో ఏదో జరిగింది. సాధారణంగా కారణం రెండింటిలో ఒకటి: వేరే రాష్ట్రం నుంచి వచ్చి ఇక్కడ మళ్లీ రిజిస్టర్ అయి ఉండాలి, లేదా పసుపు బోర్డు ట్యాక్సీగా తిరిగి తర్వాత తెల్ల బోర్డుకు మారి ఉండాలి. రెండూ నేరాలు కావు. కానీ "మొదటి నుంచీ ఇక్కడి బండే, ఇంట్లోవాళ్లే వాడారు" అని చెబుతూ ఆ నంబరు చూపిస్తే, అబద్ధం ఇంకెక్కడెక్కడ ఉందో అని అనుమానించాల్సిందే.

ఢిల్లీ బండ్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద 2015లో ఆంక్షలు వచ్చాయి. అందుకే గడువు దగ్గరపడ్డ పెద్ద డీజిల్ బండ్లు చవగ్గా దక్షిణాదికి దిగుతుంటాయి. ధర చూస్తే నోరూరుతుంది. కానీ అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, కొత్త నంబరు తీసుకోవాలి. ఇవన్నీ కలిపి లెక్క వేస్తే ఆ చవక చాలాసార్లు కరిగిపోతుంది. నా మటుకు నేను వేరే రాష్ట్రం బండిని పక్కన పెట్టేస్తాను.

తర్వాత ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, ఎన్నో ఓనరు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, లోను ఉందా, బండి బ్లాక్‌లిస్టులో ఉందా అన్నవి చూసుకోండి. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. పన్నెండేళ్ల బండి కొంటుంటే ఈ లెక్క గుర్తుండాలి. ఆర్‌సీలో తయారైన నెల కూడా ఉంటుంది. తయారీ 2017 జనవరి, రిజిస్ట్రేషన్ 2018 మార్చి అయితే బేరంలో అది 2017 బండే, వాళ్లు 2018 అని ఎంత గట్టిగా చెప్పినా.

ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ సైటులో కూడా ఒకసారి చూడండి. బాకీ ఎంతో తెలియడం ఒక లాభం, బండి ఎలా నడిచిందో తెలియడం రెండోది. మేం చూసిన ఒక బండి మీద ఇరవై పైచిలుకు చలాన్లు, అన్నీ ఓవర్‌స్పీడువే. ఆ డాక్టరు గారు ఎవరో చాలా తొందర మనిషి.

2. ఫోన్లో అడిగి పెట్టుకోవాల్సినవి

ఎక్కువ అక్కర్లేదు. కంపెనీ సర్వీసు బిల్లులు ఉన్నాయా, చివరి ఇన్సూరెన్స్ పాలసీ పంపగలరా, రెండు తాళాలూ ఉన్నాయా. పాలసీలో నో క్లెయిమ్ బోనస్ ఎంత శాతం ఉందో చూడండి. బండి వయసు ఆరేడేళ్లు, ఓనరు ఒక్కరే, అయినా బోనస్ సున్నా ఉంటే ఈ మధ్య క్లెయిమ్ చేసి ఉండొచ్చు. దేనికి చేశారో అడగండి.

ఇంకొకటి చెప్పి పెట్టండి: "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు." ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

3. వెళ్లాల్సిన వేళ, పట్టుకెళ్లాల్సినవి

పొద్దున్నే వెళ్లండి, ఎండ బాగా ఉన్నప్పుడు. సాయంత్రం దీపాల వెలుతురులో, వాన పడుతున్నప్పుడు, అప్పుడే కడిగి తడిగా ఉన్నప్పుడు బండి చూడకండి. నీళ్ల పొర కింద ఏ పెయింటైనా కొత్తగానే కనిపిస్తుంది.

టార్చి, పాత దుప్పటి ఒకటి, తెల్ల గుడ్డ, ఫ్రిజ్ మీద అంటించే పల్చటి అయస్కాంతం. వీలైతే ఫోనుకు కలిసే చిన్న ఓబీడీ స్కానర్ (ఇంజిన్ కంప్యూటర్‌లో లోపాల కోడ్‌లు చదివేది). ఆన్‌లైన్‌లో చవగ్గానే దొరుకుతుంది. ఇంకొక మనిషి కూడా తోడుండాలి. ఒకరు అమ్మేవాళ్లతో మాట్లాడుతుంటే ఇంకొకరు నెమ్మదిగా చూడొచ్చు. మా బావమరిదికి మాటలు ఎక్కువ కాబట్టి పని సులువుగా పంచుకున్నాం.

4. చల్లని ఇంజిన్‌తో మొదలుపెట్టండి

వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేయండి. వేడిగా ఉంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. స్టార్టింగ్ కష్టంగా ఉన్నా, మొదట్లో పొగ వచ్చినా, ఇంజిన్ టకటకమన్నా వేడెక్కాక ఆ లక్షణాలన్నీ మాయమైపోతాయి. మేం చూసిన రెండో బండి అలాగే వేడిగా ఉంది. "ఇప్పుడే పెట్రోల్ కొట్టించి వచ్చా అన్నా" అన్నాడు కుర్రాడు. ముల్లు చూస్తే రిజర్వు దగ్గర ఉంది.

బానెట్ ఎత్తాక ముందు ఆయిల్ మూత విప్పి, లోపలి వైపు టార్చి వేసి చూడండి. కాఫీ మీగడలా, లేత గోధుమ రంగులో జిగురుగా ఉంటే ఆయిల్లో నీళ్లో కూలెంటో కలుస్తున్నట్టు. హెడ్ గ్యాస్కెట్ పోయినప్పుడు ఇలాగే ఉంటుంది. నా మొదటి బండిలో నేను చూడనిది ఇదే. చలికాలంలో దగ్గరి దూరాలే తిరిగే బండికి మూత దగ్గర కొంచెం తేమ పట్టడం మామూలే, అందుకని డిప్‌స్టిక్ కూడా తీసి తెల్ల గుడ్డకు తుడిచి చూడండి. పెట్రోల్ బండి ఆయిల్ తేనె రంగు నుంచి ముదురు గోధుమ దాకా ఉండొచ్చు. డీజిల్‌లో నల్లగా ఉండటం తప్పేమీ కాదు. మట్టం కనీస గీత కన్నా కిందుంటే ఆయిల్ తాగుతోందా, కారుతోందా, లేక ఏళ్ల తరబడి పట్టించుకోలేదా అని చూడాలి. మూడూ మనకు ఖర్చే.

కూలెంట్ డబ్బాలో రంగు నీళ్లు ఉండాలి: ఆకుపచ్చో, ఎరుపో, నీలమో. మామూలు కుళాయి నీళ్లు, తుప్పు రంగు నీళ్లు ఉంటే రేడియేటర్ లోపల ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. పైన నూనె తెట్టు తేలుతుంటే బండి అక్కడే వదిలేయండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు మాత్రం రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. మరిగే నీళ్లు మొహం మీదకు చిమ్ముతాయి.

ఇంజిన్ బాగా కడిగి మెరిపించి పెట్టారంటే నాకు సంతోషం కన్నా టెన్షన్ ఎక్కువ. నాలుగేళ్ల దుమ్ము సహజంగా ఉన్న ఇంజిన్ మీద ఆయిల్ లీకు ఎక్కడుందో సులువుగా తెలుస్తుంది.

ఇప్పుడు తాళం తిప్పండి, కానీ స్టార్ట్ చేయకండి. మీటరులో దీపాలన్నీ వెలగాలి: ఇంజిన్ బొమ్మ, ఆయిల్, బ్యాటరీ, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్. అవి వెలగడం ఎంత ముఖ్యమో, స్టార్ట్ చేశాక ఆరడం అంతే ముఖ్యం. ఎయిర్‌బ్యాగ్ దీపం అసలు వెలగలేదంటే దాన్ని పీకేసి ఉండొచ్చు. ఒకసారి పేలిన ఎయిర్‌బ్యాగులు మార్చడం ఖరీదు, దీపం కప్పేయడం చవక.

ఇక స్టార్ట్ చేయండి. తోడొచ్చినాయన సైలెన్సర్ దగ్గర నిలబడాలి. చల్లని పొద్దున కాస్త తెల్లటి ఆవిరి వచ్చి రెండు నిమిషాల్లో పోతే భయం లేదు. తెల్ల పొగ పోకుండా తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ మండుతోంది. నీలం పొగ అంటే ఆయిల్ మండుతోంది. నల్ల పొగ అంటే ఇంధనం ఎక్కువ పడుతోంది, డీజిల్‌లో ఇంజెక్టర్లో టర్బోనో కావచ్చు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి, లోపలి నుంచి పొగ దమ్ములు దమ్ములుగా కొడుతోందేమో కూడా చూడండి. పిస్టన్ రింగులు అరిగితే ఇలా వస్తుంది. మన మెకానిక్‌లు దీన్నే బ్యాక్ కంప్రెషన్ అంటారు. ఆ మాట వింటే ఇంజిన్ విప్పాలని అర్థం.

5. బాడీ: గీతలు కాదు, బోల్టులు చూడండి

బంపరు మీద గీత ఎవరికైనా ఉంటుంది. మన ట్రాఫిక్‌లో ఆరేళ్లు తిరిగి గీత లేదంటేనే ఆలోచించాలి. వెతకాల్సింది పెద్ద యాక్సిడెంట్ గుర్తులు.

బండికి పది అడుగుల దూరంలో మూలన నిలబడి పక్క నుంచి చూడండి. తలుపులు, ఫెండర్లు (ముందు చక్రాల మీది రేకులు), బానెట్ మధ్య సందులు రెండు వైపులా సమానంగా ఉన్నాయా? రంగులో ఎక్కడైనా అర ఛాయ తేడా ఉందా? తర్వాత బానెట్ కీళ్లు, ఫెండర్లు, తలుపు కీళ్ల దగ్గర బోల్టులు చూడండి. కంపెనీ నుంచి వచ్చిన బోల్టు మీద పెయింటు పగలదు. తల అంచులు రాసుకుపోయినా, పెయింటు ఊడినా ఆ భాగం ఎప్పుడో విప్పారు. ఒక ఫెండరు మారిస్తే పెద్ద సంగతి కాదు. రెండు ఫెండర్లూ, బానెట్, రేడియేటర్ ముందు పట్టీ అన్నీ విప్పి ఉంటే ముందు నుంచి గట్టిగా గుద్దిన బండి.

అసలు చూడాల్సినవి ఆప్రాన్, పిల్లర్లు. బానెట్ కింద రెండు పక్కలా షాకబ్జర్ల పైభాగాన్ని పట్టుకునే లోహపు గోడలే ఆప్రాన్‌లు. తలుపుల పక్కన పైకప్పును మోసే స్తంభాలే పిల్లర్లు. కంపెనీ స్పాట్ వెల్డింగ్ గుండ్రటి చిన్న చుక్కల్లా వరసగా, సమానంగా ఉంటుంది. గ్యారేజీలో చేసిన వెల్డింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, లేదా దాన్ని కప్పడానికి సీలెంట్ మందంగా పూసి ఉంటుంది. తలుపుల రబ్బరు బీడింగు కాస్త లాగి పిల్లరు అంచుల్లోనూ ఈ చుక్కలు చూడొచ్చు. ఊడదీసే ముందు ఓనరుకు ఒక మాట చెప్పండి. ఎవరూ కాదనరు. కాదంటే మీకే తెలిసిపోతుంది.

డిక్కీలో కార్పెట్ ఎత్తి, స్టెపినీ తీసి, ఆ గుంట చూడండి. వెనక నుంచి గుద్దిన బండికి అక్కడ ముడతలు, కొత్త పెయింటు, వెల్డింగు దొరుకుతాయి. పైకి ఎంత బాగా సర్దినా ఈ గుంటను సరిగ్గా కొట్టి సమం చేసేవాళ్లు తక్కువ.

అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి తలుపుల కింది భాగం, వీల్ ఆర్చుల చుట్టూ అంటించి చూడండి. పుట్టీ మందంగా ఉన్నచోట అంటదు. ప్లాస్టిక్ బంపర్ల మీద ఎలాగూ అంటదు, కంగారుపడకండి. పెయింటు మందం కొలిచే పరికరం ఉన్నవాళ్లకు: కంపెనీ పెయింటు సుమారు 80 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక పానెల్ మీద 300 దాటితే మళ్లీ పెయింటు వేశారు, వెయ్యి దాటితే కింద పుట్టీ ఉంది.

ఇక అద్దాలు. ప్రతి అద్దం మూలన కంపెనీ గుర్తు పక్కన ఏడాదిని సూచించే అంకె ఉంటుంది. 2018 బండిలో అన్ని అద్దాల మీదా 8 గానీ, 7 గానీ ఉండి ఒక్కదాని మీద 1 ఉంటే అది 2021లో మార్చింది. ముందు అద్దం రాయి తగిలి పగలొచ్చు. కానీ ఒకే వైపు తలుపు అద్దం, దాని పక్కనున్న క్వార్టర్ అద్దం రెండూ మారి ఉంటే ఆ వైపు ఏం తగిలిందో అడగాలి.

6. నీళ్లలో మునిగిన బండి

దీనికి విడిగా చోటివ్వాలి, ఎందుకంటే మన చుట్టుపక్కలే ఇలాంటి బండ్లు చాలా ఉన్నాయి. 2015 డిసెంబరు, 2023 డిసెంబరు చెన్నై వరదలు, 2020 అక్టోబరు హైదరాబాద్ వరద, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు కార్లూ నీళ్లలో నానాయి. రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీలు టోటల్ లాస్ కింద లెక్కకట్టి డబ్బులిచ్చేస్తాయి. ఆ బండి వేలంలో అమ్ముడై, ఎండి, కడిగించుకుని మళ్లీ సంతకొస్తుంది. కొన్ని నెలలు బాగానే తిరుగుతుంది. తర్వాత ఒకరోజు పవర్ విండో, ఇంకొకరోజు సెంట్రల్ లాక్, ఒకసారి నడిరోడ్డు మీద ఇంజిన్. వైర్ల కనెక్టర్లలో తుప్పు పట్టింది కాబట్టి ఏ మెకానిక్కూ పూర్తిగా బాగుచేయలేడు.

పట్టుకునే దారి: ముందు సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. రోజూ వాడని చివరి అడుగులో బురద గీతో, నీటి మరకో మిగిలిపోతుంది. మొత్తం బెల్టు కొత్తగా ఉంటే మొదట్లో కుట్టిన చీటీ మీద తయారీ తేదీ చూడండి. సీటు కింద చెయ్యి పెట్టి పట్టాలు తడమండి. తుప్పు మామూలుగా అక్కడికి రాదు. కార్పెట్ ఒక మూల ఎత్తి కింద ఫోమును నొక్కండి. డ్యాష్‌బోర్డు కింద ఫ్యూజు పెట్టె మూత తీసి మూలల్లో సన్నని ఒండ్రు ఉందేమో టార్చితో చూడండి. హెడ్‌లైట్ లోపల నీటి గీత ఉందా? ఏసీ వేయగానే మగ్గిన వాసన వస్తోందా? ఘాటైన పెర్ఫ్యూమ్ కొట్టి ఉంటే, ఎందుకు కొట్టారో అదీ ఆలోచించండి.

ఇందులో రెండు గుర్తులు దొరికినా నేను బేరం ఆడను. వరద బండికి సరైన ధర లేదు.

7. మీటరు నిజమేనా

డిజిటల్ మీటరును కూడా తిప్పేస్తున్నారు. అందుకే అంకెను నమ్మకండి, చుట్టూ ఉన్నవాటిని అడగండి. సర్వీసు బిల్లుల మీద తేదీ, కిలోమీటర్లు రెండూ ఉంటాయి. అన్నీ తేదీల వరసలో పేర్చితే అంకె పెరుగుతూ పోవాలి. బిల్లులు లేవంటే ఓనరును వెంటబెట్టుకుని కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లి నంబరు చెప్పి హిస్టరీ అడగండి. ఓనరు సమ్మతి ఉంటే చాలాచోట్ల చూపిస్తారు.

మేం చూసిన ఎనిమిదో బండి మీటరు 38 వేలు చూపించింది. లోపల ఘుమఘుమలు, సీట్లకు కొత్త లెదర్. బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం గీతలన్నీ అరిగి నున్నగా ఉంది, గేరు నాబ్ మీద అంకెలు చెరిగిపోయాయి. తలుపు తీస్తే ఫ్రేము మీద ఆయిల్ మార్చినప్పుడు అంటించిన చిన్న స్టిక్కరు: "తర్వాతి సర్వీసు 90,000." దాన్ని పీకడం మర్చిపోయారు. మా బావమరిది దాన్ని చూసి "బావా, ఈ బండి వయసు తగ్గించుకుంటోంది" అన్నాడు. అమ్మేవాళ్లు కూడా నవ్వారు, పాపం.

ఏడాదికి పది పన్నెండు వేల కిలోమీటర్లు నడవడం ఇంటి బండికి మామూలు. ఏడేళ్ల బండి 25 వేలే తిరిగిందంటే రెండే అవకాశాలు: మీటరు తిప్పారు, లేదా బండి నెలల తరబడి మూలన పడి ఉంది. రెండోది నిజమైనా రబ్బర్లు, బ్యాటరీ, టైర్లు మార్చే ఖర్చు ఉంటుంది. సర్వీసు హిస్టరీ ఉన్న 80 వేల బండి, ఏ కాగితమూ లేని 30 వేల బండి పక్కపక్కన పెడితే నేను మొదటిదే తీసుకుంటాను.

లోపలున్నప్పుడే ప్రతి స్విచ్చూ నొక్కండి: నాలుగు తలుపుల అద్దాలు, సైడ్ మిర్రర్ల మడత, వైపర్లు, హారన్, స్టీరియో, వెనక డీఫాగర్, సీటు ముందుకు వెనక్కి. సిగ్గుపడకండి. ఒక్క పవర్ విండో మోటారే వేలల్లో లాగుతుంది.

8. టైర్లు, కింది భాగం

టైరు గోడ మీద డీఓటీ అక్షరాల తర్వాత చివర్లో నాలుగంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం. ఐదారేళ్లు దాటిన టైరు గాడి ఎంత లోతున్నా గట్టిపడి ఉంటుంది. గాడిలో మధ్య మధ్య చిన్న దిమ్మెలు 1.6 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటాయి. గాడి వాటితో సమానమైతే టైరు పని అయిపోయింది. ఒక అంచే అరిగిన ముందు టైరు అలైన్‌మెంట్ తప్పిందని చెబుతుంది. అలైన్‌మెంట్ చేయించినా మళ్లీ అలాగే అరిగేదైతే చాసిస్ వంగిందేమో చూడాలి.

దుప్పటి పరిచి ఒకసారి కిందికి దూరండి. ఆయిల్ చెమ్మ, చిరిగిన యాక్సిల్ బూట్లు (జాయింట్ల మీది రబ్బరు తొడుగులు), షాకబ్జర్ల మీద నూనె మరకలు, సైలెన్సర్‌కి తుప్పు. వైజాగ్, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రం పక్క ఊళ్ల బండ్లకు కింది తుప్పు ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి.

9. నడిపి చూడటం

కనీసం అరగంట. సందు చివరి దాకా పోయి రావడం టెస్ట్ డ్రైవ్ కాదు. గుంతల రోడ్డు, ఫ్లైఓవరు, ట్రాఫిక్, వేగంగా పోయే రోడ్డు, ఈ నాలుగూ తగలాలి. స్టీరియో మీరే ఆపేయండి. అద్దాలు కాసేపు దించి, కాసేపు ఎత్తి వినండి.

కదిలే ముందు క్లచ్. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, నెమ్మదిగా క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా గుర్రుమంటూ ఉంటే క్లచ్ ప్లేటు జారుతోంది. ఇది ఒక్కసారే చేయండి, బండి మనది కాదు. పెడల్ చాలా పైకొచ్చాక గానీ బండి కదలకపోవడం కూడా అరిగిన గుర్తే.

ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఒక వైపు తిప్పి మెల్లగా గుండ్రంగా తిరగండి, తర్వాత రెండో వైపు. ముందు చక్రాల దగ్గర కట్ కట్ మంటే యాక్సిల్ జాయింటు పోయింది. స్పీడ్ బ్రేకర్ల మీద ముందు టక్ మన్న చప్పుడు వస్తే లింక్ రాడ్లో, బుష్‌లో కావచ్చు. అవి చవక, బేరంలో వాడుకోవచ్చు. స్పీడ్ బ్రేకరు దిగిన తర్వాత కూడా బండి ఊగుతూనే ఉంటే షాకబ్జర్లు అయిపోయాయి.

సాఫీ రోడ్డు మీద, వెనక ఎవరూ లేనప్పుడు, స్టీరింగును తేలిగ్గా పట్టుకుని చూడండి. ఒక వైపు లాగుతోందా? 40లో గట్టిగా బ్రేకు వేయండి. బండి తిన్నగా ఆగాలి, పెడల్ కాలి కింద వణికితే డిస్కులు వంకరపోయి ఉండొచ్చు. 60 దాటాక చక్రాల దగ్గర హుమ్మని మోగుతూ, మలుపులో ఆ మోత పెరుగుతూ తగ్గుతూ ఉంటే వీల్ బేరింగు.

ఫ్లైఓవరు ఎక్కేటప్పుడు నాలుగో గేరులో, తక్కువ వేగంలో తొక్కండి. బండి తడబడకుండా లాగాలి. ప్రతి గేరూ, రివర్సు కూడా, చప్పుడు లేకుండా పడాలి. గేరు దానంతటదే బయటికి జారితే గేరుబాక్సు విప్పాల్సిందే.

చివర్లో ట్రాఫిక్‌లో ఏసీ ఫుల్ పెట్టి పది నిమిషాలు నిలిపి ఉంచండి. టెంపరేచర్ ముల్లు సగం దగ్గరే ఉండాలి, ఫ్యాను మధ్య మధ్య తిరగాలి, ఏసీ చల్లదనం తగ్గకూడదు. ఇది జనవరిలో తేలదు, కాబట్టి ఎండాకాలంలో బండి చూడటమే నాకిష్టం, ఒంటికి కష్టమైనా.

ఆటోమేటిక్ అయితే చల్లగా ఉన్నప్పుడూ, ట్రాఫిక్‌లో వేడెక్కాకా రెండుసార్లు చూడండి. ఏఎంటీ (మామూలు గేరుబాక్సులోనే గేర్లు వాటంతటవే మారే రకం) గేరు మారేటప్పుడు కాస్త తల ఊపడం దాని స్వభావం, కానీ ఎక్కుదలలో వణకడం కాదు. సీఎన్‌జీ ఉంటే ఆర్‌సీలో ఎక్కించారా, మూడేళ్లకోసారి చేయాల్సిన సిలిండర్ హైడ్రో టెస్టు సర్టిఫికెట్ ఉందా చూడండి. బీఎస్ 6 డీజిల్ ఊళ్లోనే తిరిగిందైతే పొగను వడకట్టే డీపీఎఫ్ మూసుకుపోయి ఉండొచ్చు. మన వాడకం కూడా ఊళ్లోనే అయితే అసలు డీజిల్ ఎందుకన్నది నా ప్రశ్న.

10. స్కానర్, తర్వాత మెకానిక్

స్టీరింగు కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు స్కానర్ తగిలిస్తే ఇంజిన్ కంప్యూటర్ దాచుకున్న కోడ్‌లు ఫోన్లో కనిపిస్తాయి. కోడ్ ఏదీ లేకపోతే మురిసిపోకండి. "కోడ్‌లు చెరిపిన తర్వాత తిరిగిన దూరం" అని ఇంకో అంకె చాలా బండ్లలో దొరుకుతుంది. అది 6 కిలోమీటర్లు అని ఉంటే, మీరు వస్తున్నారని తెలిసి చెరిపేశారు. బ్యాటరీ వోల్టేజి కూడా అందులోనే చూడొచ్చు: ఇంజిన్ ఆపి ఉంటే 12.4 పైన, నడుస్తుంటే 14 దగ్గర.

ఇవన్నీ దాటిన బండినే మెకానిక్‌కు చూపించండి. మెకానిక్ మీవాడై ఉండాలి, అమ్మేవాళ్లు చూపించినవాడు కాదు. లిఫ్టు ఉన్న గ్యారేజీ అయితే మేలు. ఆయనకు ఇచ్చే వెయ్యో రెండు వేలో దండగ అనుకోవద్దు. తొమ్మిదో బండిలో మాకు దొరకనిది, స్టీరింగు ర్యాక్ దగ్గర చిన్న లీకు, లిఫ్టు ఎక్కించాకే కనిపించింది. దాన్ని చూపించే బేరం ఆడాం.

బేరానికి కాగితం మీద లెక్క రాసుకోండి: టైర్లకు ఇంత, క్లచ్‌కు ఇంత, బ్యాటరీకి, ఇన్సూరెన్స్‌కు ఇంత. "బాగా తగ్గించండి సార్" అంటే ఎవరూ తగ్గించరు. "నాలుగు టైర్లూ 2017వి" అంటే తగ్గిస్తారు.

11. కాగితాలు, డబ్బు

ఆర్‌సీలో ఉన్న చాసిస్ నంబరు బండి మీద కొట్టిన నంబరుతో అక్షరం అక్షరం పోల్చండి. అది 17 అక్షరాలు ఉంటుంది. మారుతీ అయితే ఎంఏ3తో, హ్యుందాయ్ అయితే ఎంఏఎల్‌తో, టాటా అయితే ఎంఏటీతో మొదలవడం మామూలు. నంబరు చుట్టూ గీకినట్టు, వెల్డింగ్ చేసినట్టు ఉంటే మాట్లాడకుండా వచ్చేయండి. ఇంజిన్ నంబరు కూడా చూడండి.

లోను ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 రెండూ కావాలి. "లోను తీరిపోయింది, ఆర్‌సీలో తీయించలేదంతే" అంటారు. అయితే తీయించాకే మిగతా డబ్బు. ఎన్‌ఓసీ మీద తేదీ చూడండి, పాతబడితే మళ్లీ తేవాలి.

యాజమాన్యం మారడానికి అమ్మేవాళ్ల నుంచి ఫారం 29 రెండు కాపీలు, ఇద్దరి సంతకాలతో ఫారం 30 ఉండాలి. చట్టం ప్రకారం ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. డీలర్ల దగ్గర ఖాళీ ఫారాల మీద పాత ఓనరు సంతకాలు పెట్టించి ఉంచడం చూస్తాం. ఆ ఓనరు ఎవరో, ఫోన్లో మాట్లాడించగలరో లేదో అడగండి. పాత బండ్లు అమ్మే డీలర్లకు రవాణా శాఖ అధీకృత సర్టిఫికెట్ ఉండాలని కేంద్రం 2022 డిసెంబరులో నిబంధన తెచ్చింది. అది చూపించమనడం మర్యాద తప్పడమేమీ కాదు.

ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లోపే మీ పేరు మీదకు మార్పించుకోండి. థర్డ్ పార్టీ రక్షణ బండితో పాటే వస్తుంది గానీ, మీ బండికి దెబ్బ తగిలితే క్లెయిమ్ రావాలంటే పాలసీ మీ పేరు మీదుండాలి. నో క్లెయిమ్ బోనస్ పాత ఓనరుది, అది మీకు రాదు.

అడ్వాన్సు చిన్నదిగా, బ్యాంకు ద్వారా ఇవ్వండి. కాగితం మీద బండి నంబరు, ధర, లోపం తేలితే అడ్వాన్సు తిరిగిస్తారన్న మాట, తేదీ రాయించుకోండి. బండి తీసుకునే రోజు డెలివరీ నోటులో గంట, నిమిషం కూడా రాయించండి. పొద్దున పడిన చలాను ఎవరిదో, మధ్యాహ్నం పడినది ఎవరిదో దాన్ని బట్టే తేలుతుంది. మీటరు ఫొటో తీసుకోండి. రెండో తాళం, స్టెపినీ, జాకీ, స్పానర్, టో హుక్కు లెక్కబెట్టి తీసుకోండి. మా బావమరిది ఆ రోజు సంబరంలో రెండో తాళం అడగడం మరిచాడు. దానికోసం మళ్లీ కూకట్‌పల్లి నుంచి ఎల్బీ నగర్ దాకా పోయి రావాల్సి వచ్చింది, మెట్రోలో.